గ్యాస్ అయిపోలేదు.. ఎటో పోయింది!

"మేడం, గ్యాస్ అయిపోయింది."

ఇంట్లో ఏసీ ఉన్నవాళ్ళు ఈ మాట ఒక్కసారైనా వినే ఉంటారు. నేను ఈ ఎండాకాలం రెండుసార్లు విన్నా. మార్చిలో ఒకసారి, మేలో ఒకసారి. మొదటిసారి నమ్మేసి రూ.2,800 ఫోన్‌పే కొట్టా. రెండోసారి కొట్టకుండా ఆపింది మా నాయిన. ఆయనేం ఏసీ మెకానిక్ కాదు. ఫర్నేసు మీద పనిచేసే మనిషి.

మాది బొల్లారం. రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం కాదండోయ్. అది సికింద్రాబాద్ పక్కన. మాది సంగారెడ్డి జిల్లా, పారిశ్రామికవాడ బొల్లారం. ఈ తేడా తెలియకపోతే ఎంత నష్టమో యాప్‌లో మెకానిక్‌ని బుక్ చేస్తే తెలుస్తుంది. మొదట బుక్ చేసిన పిల్లగాడు అటు రాష్ట్రపతి నిలయం వైపు వెళ్ళి, అక్కడి నుంచి ఫోన్ చేసి, "ఇక్కడ మీ గల్లీయే లేదు మేడం" అన్నాడు. ఆ విజిట్ చార్జీ కూడా నా ఖాతాలోనే!

సరే, అసలు కథకి వద్దాం. ఈ వారం లెక్క ఏసీ రిపేరుది. ఎప్పుడు చేయించాలి, ఎప్పుడు వద్దనాలి, ఎంతవరకు ఇవ్వాలి.

మాకు ఏసీ షోకు కాదు

నాయిన ఇండక్షన్ ఫర్నేసు దగ్గర ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నారు. ఇనుప తుక్కు కరిగించే పని. ఉక్కు కరగాలంటే దాదాపు 1,500 డిగ్రీలు కావాలి. ఆ వేడి ముందర రాత్రంతా నిలబడి, పొద్దున ఏడింటికి ఇంటికొస్తారు. అంటే ఆయన పడుకునేది ఊరంతా కాలిపోయే టైముకి. మాది పై అంతస్తు, నెత్తిన స్లాబు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఒంటి గంటకి ఆ స్లాబు కింద పడుకోవడమంటే.. నాయిన మాటల్లో చెప్పాలంటే "ఒక ఫర్నేసు కాడికెళ్ళి ఇంకో ఫర్నేసుల పన్నట్టే".

కిటికీలు తెరవచ్చు కదా అంటారేమో. మా ఊరి గాలి సంగతి మా ఊరోళ్ళకి తెలుసు. వాసన వచ్చిందంటే అందరం కిటికీలు మూసేస్తాం.

ఏసీ సరిగా చల్లబరచడం మానేసిన రెండు వారాలకి, ఒక రాత్రి డ్యూటీలో నాయినకి నిలబడే కునుకు పట్టింది. పక్కనున్నాయన భుజం పట్టి వెనక్కి లాగాడట. ఈ ముక్క నాయిన మాకు చెప్పలేదు. ఆ పక్కనున్నాయన భార్య అమ్మకి చెప్పింది. అమ్మ ఆ పొద్దు నాతో ఒకటే మాట అంది: "ఎంతైనా సరే, అది బాగు చేయించు."

"ఎంతైనా సరే" అన్న మాట మన నోట్లోంచి వచ్చిందంటే, మెకానిక్‌కి పండగే. అందుకే ఆ మాట మనసులో ఉంచుకోవాలి, బయట అనొద్దు. నేను అనేశా.

"అదేమన్న బండ్ల పెట్రోలా?"

మార్చిలో వచ్చి గ్యాస్ నింపిన అన్నే మేలో కూడా వచ్చాడు. ఔట్‌డోర్ యూనిట్ దగ్గర రెండు నిమిషాలు నిలబడి తీర్పు ఇచ్చేశాడు. "గ్యాస్ మళ్ళీ అయిపోయింది. దాంతో కంప్రెసర్ కూడా పోయింది. అంతా కలిపి రూ.16,500 అవుతది."

చెల్లెలి ఫీజు కోసం దాచిన డబ్బులు గుర్తొచ్చాయి. అయినా సరే అనబోతున్నా. అప్పుడు నాయిన లేచి, తువ్వాలతో మొఖం తుడుచుకుంటూ వచ్చి అడిగారు.

"మార్చిల నింపినవు గద తమ్మీ, ఆ గ్యాస్ ఏడికి వోయింది?"

"అయిపోయింది పెద్దాయనా."

"అయిపోనీకె అదేమన్న బండ్ల పెట్రోలా? మా ఫర్నేసు చుట్టూ గుడ రాగి గొట్టమే ఉంటది. లోపల నీళ్ళు తిరుగుతయి. నీళ్ళు తగ్గినయంటె కొత్త నీళ్ళు పోసుకుంట కూసోం. ముందుగాల లీక్ ఏడుందో దేవులాడుతం. లేకుంటె పానాలే పోతయి."

ఆ అన్న సమాధానం చెప్పలేదు. టూల్ బ్యాగ్ సర్దుకున్నాడు.

నాయిన అన్నది అక్షరాలా నిజం. ఇండక్షన్ ఫర్నేసులో కరెంటు పారే కాయిల్ లోపల బోలుగా ఉండే రాగి గొట్టం. అది వేడెక్కిపోకుండా అందులో నీళ్ళు తిప్పుతారు. ఆ నీరు లీకై కరిగిన లోహానికి తగిలిందంటే పేలుడే. ఏసీలో కూడా రాగి గొట్టాల్లో గ్యాస్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. లోపల గదిలో వేడి పీల్చుకుంటుంది, బయట వదిలేస్తుంది. మళ్ళీ లోపలికి. ఆ చక్రంలో గ్యాస్ ఖర్చయ్యే చోటంటూ లేదు. తగ్గిందంటే ఎక్కడో చిల్లి ఉన్నట్టే. చిల్లి మూయకుండా గ్యాస్ నింపడమంటే ఓటి కుండలో నీళ్ళు పోయడమే.

కాబట్టి మొదటి రూలు రాసిపెట్టుకోండి: లీక్ చూపించకుండా గ్యాస్ నింపనివ్వకండి.

రూ.450 వస్తువు, రూ.16,500 తీర్పు

రెండో మెకానిక్ మా గల్లీ చివర షాపాయన. యాప్‌లో లేడు, రేటింగూ లేదు. ముందే చెప్పాడు, "చూడ్డానికి మూడొందలు. చేయించుకుంటే అందులోనే కలుపుకుంట."

ఔట్‌డోర్ కవర్ విప్పాడు. ఫ్యాన్ తిరుగుతోంది. కంప్రెసర్ 'హుమ్' అని రెండు సెకన్లు మూలిగి ఆగిపోతోంది. ఆయన పొడవాటి డబ్బాలాంటి దాన్ని బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. పైభాగం ఉబ్బి ఉంది.

"ఇది కెపాసిటర్. కంప్రెసర్ లేవాలంటే ఇది తోయాలి. తోస్తలేదు. కంప్రెసర్ పోలేదు మేడం, లేస్తలేదు, గంతే."

కొత్త కెపాసిటర్ రూ.450. పెట్టగానే కంప్రెసర్ లేచింది. అయితే ఒక మాట. ఇది ఇన్వర్టర్ కాని పాత రకం ఏసీ కథ. ఇన్వర్టర్ ఏసీల్లో కంప్రెసర్‌ని నడిపేది ఎలక్ట్రానిక్ బోర్డు. అక్కడ మీకు వినపడే మాట "పీసీబీ పోయింది". దానికీ ఇదే సూత్రం. మార్చే ముందు రిపేరుకి వస్తుందా అని బోర్డులు బాగుచేసేవాళ్ళని అడగండి.

తర్వాత లీక్ సంగతి. ఆయన ఇండోర్ యూనిట్ విప్పి టార్చ్ కొట్టి చూపించాడు. రాగి గొట్టం రాగి రంగులో లేదు. నల్లగా మాడినట్టుంది. ఒక వంపు దగ్గర నూనె మరక. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొంచెం తిరుగుతుంటుంది కాబట్టి, నూనె మరక ఉన్న చోటే సాధారణంగా చిల్లి ఉంటుంది. ఇది మీరూ చూడొచ్చు, మెకానిక్ కానక్కర్లేదు.

రాగి ఎందుకు నల్లబడింది?

గాలిలో గంధకం కలిసిన వాయువులుంటే రాగి నల్లబడుతుంది. అమ్మమ్మల వెండి పట్టీలు నల్లబడ్డట్టే. కుళ్ళు మోరీల నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అలాంటిదే. ఇంకా కొన్ని రకాల ఆమ్ల ఆవిర్లు తేమతో కలిస్తే రాగిలో చీమల పుట్టలా సన్నని సొరంగాలు పడతాయి. పైకి కనపడవు. గ్యాస్ మాత్రం అందులోంచి రోజూ కొంచెం కొంచెం జారిపోతుంది.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో అతి తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితా వేసినప్పుడు అందులో పటాన్‌చెరు-బొల్లారం పేరుంది. మా ఏసీ చిల్లికి ఫలానాదే కారణమని నేను చెప్పలేను. ఇంటి వెనక మోరీ కూడా ఉంది మరి. కానీ పారిశ్రామికవాడలో, పెద్ద నాలా పక్కన, సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. మీ ఏసీ వయసు మిగతావాళ్ళ ఏసీ వయసుతో సమానం కాదు. కొనేటప్పుడే కాయిల్‌కి తుప్పు పట్టకుండా పూత ఉందా అని అడగండి. వారంటీ కార్డు వెనకాల చిన్న అక్షరాలు చదవండి. మా కార్డులో "కంప్రెసర్‌కి పదేళ్ళు" అని పెద్దగా ఉంది. "రసాయన వాతావరణంలో తుప్పు పడితే వర్తించదు" అని చీమ తలకాయంత ఉంది. అది నేను చదివింది ఏడేళ్ళ తర్వాత.

హ్యూస్టన్‌లోనూ ఇదే కథ!

ఈ గొడవంతా మా పెద్దమ్మ కూతురికి చెప్పా. అక్క హ్యూస్టన్‌లో ఉంటుంది. ఒకటే నవ్వు. "మొన్న జనవరిలో మా ఫర్నేస్ పోయిందే" అంది.

స్పీకర్‌లో విన్న నాయిన ఉలిక్కిపడ్డారు. "ఇంట్ల ఫర్నేసా? తుక్కు ఎవలు ఏస్తరు?"

వాళ్ళ ఫర్నేస్ వేరు. గ్యాస్‌తో గాలిని వేడిచేసి గదులకి పంపే పెట్టె. హ్యూస్టన్ మన కోస్తాలాగే ఉక్కపోత ఊరు. చలి ఏడాదికి కొన్ని వారాలే. మిగతా కాలమంతా ఆ పెట్టె ఖాళీగా తేమలో ఉంటుంది. బర్నర్లు తుప్పు పడతాయి, మంటని గుర్తించే చిన్న సెన్సర్‌కి మట్టి పడుతుంది. చలి రాగానే ఆన్ చేస్తే ఒక్క నిమిషం మండి ఆరిపోతుంది. వచ్చిన టెక్నీషియన్ "పాతదైపోయింది, ఫర్నేస్, ఏసీ రెండూ కలిపి మార్చేయండి, 8,000 డాలర్లు" అన్నాడట. రెండూ ఒకే బ్లోయర్‌తో నడుస్తాయి కాబట్టి అలా కలిపి అమ్మడం తేలిక. అక్క ఇంకొకరిని పిలిచింది. ఆయన సెన్సర్‌ని సన్నని స్టీల్ ఊలుతో తుడిచాడు. 180 డాలర్లు. ఫర్నేస్ వెలిగింది.

కానీ అక్క ఇంకోటి కూడా చెప్పింది. ఫర్నేస్ లోపల వేడిని మార్చే గొట్టం పగిలిందని కొలతతో సహా చూపిస్తే మాత్రం డబ్బు లెక్క చూడొద్దట. కార్బన్ మోనాక్సైడ్ గదుల్లోకి వస్తుంది. దానికి వాసన ఉండదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ని మంచు తుపాను ముంచినప్పుడు కరెంటు లేక, ఇళ్ళలో బొగ్గుల పొయ్యిలు, గరాజుల్లో కార్లు నడిపి వెచ్చబడబోయినవాళ్ళలో కొందరు దానివల్లే చనిపోయారు. అందుకే అక్కావాళ్ళ ఇంట్లో దాని అలారం పెట్టుకున్నారు. మీ వాళ్ళెవరైనా అటు ఉంటే ఈ అలారం గురించి ఒక మెసేజ్ పెట్టండి.

అక్కడ డాలర్లు, ఇక్కడ రూపాయలు. మనం వేసుకోవాల్సిన ప్రశ్న మాత్రం ఒకటే: పోయింది చిన్న వస్తువా, పెద్ద వస్తువా, లేక ప్రాణం మీదికి తెచ్చేదా?

మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు

ఈ నాలుగూ మీరే చూసుకోండి. పది నిమిషాల పని.

1. ఫిల్టర్ తీసి కడగండి. "చల్లగా రావట్లేదు" అన్న ఫిర్యాదుల్లో సగం ఇక్కడే తీరిపోతాయని షాపాయనే ఒప్పుకున్నాడు.
2. రిమోట్ 'కూల్' మోడ్‌లోనే ఉందా? మా చెల్లి ఒకసారి 'డ్రై'లో పెట్టి రోజంతా నన్ను తిట్టింది.
3. స్టెబిలైజర్ మీద వోల్టేజీ ఎంతుంది? ఎండాకాలం సాయంత్రాలు తక్కువుంటే కంప్రెసర్ లేవదు. అది ఏసీ తప్పు కాదు.
4. ఔట్‌డోర్ యూనిట్‌కి గాలి ఆడుతోందా? మాది బట్టలారేసే తాడు వెనక ఉండేది. తడి దుప్పటి దాని మొఖం మీదే!

మెకానిక్ వచ్చాక

లీక్ టెస్ట్ దేంతో చేస్తున్నాడో అడగండి. నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి, సబ్బు నీళ్ళు పూసి బుడగలు చూడాలి. ఎవరైనా ఆక్సిజన్ సిలిండర్ తెస్తే వెంటనే ఆపేయండి. లోపలి నూనెతో ఆక్సిజన్ కలిస్తే పేలుతుంది. ఇప్పుడొచ్చే చాలా ఏసీల్లో ఉండే ఆర్-32 గ్యాస్‌కి కొద్దిగా మండే గుణం ఉంది. గొట్టంలో గ్యాస్ ఉండగానే వెల్డింగ్ మంట పెట్టనివ్వకండి.

అతుకు వేశాక వ్యాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ లాగేయాలి. "వద్దులే మేడం, గ్యాస్‌తోనే గాలి తోసేస్తా" అంటే వద్దనండి. తర్వాత గ్యాస్‌ని తూకం వేసి నింపాలి. ఎన్ని గ్రాములో మీ ఏసీ మీద అతికించిన ప్లేటు మీదే రాసుంటుంది. ఇప్పుడే వెళ్ళి దాన్ని ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకోండి. తీసేసిన పాత పార్టు మీ చేతికివ్వమనండి. బిల్లు మీద ఏం చేశాడో రాయించుకోండి.

మా బిల్లు ఇదీ: కెపాసిటర్ రూ.450. అతుకు, లీక్ టెస్ట్ రూ.1,500. గ్యాస్ రూ.2,600. మొత్తం రూ.4,550. మార్చిలో నేను ఇచ్చిన రూ.2,800 మాత్రం బొల్లారం గాలిలో కలిసిపోయింది.

రిపేరా? కొత్తదా?

నేను పెట్టుకున్న లెక్క సింపుల్. కొత్త ఒక టన్ను ఏసీ మా దగ్గర రూ.33,000 చెప్పారు. (టన్ను అంటే ఏసీ బరువు కాదు. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని గదిలోంచి లాగే శక్తి.) రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగానికి చేరి, ఏసీకి ఏడెనిమిదేళ్ళు దాటితే రిపేరు చేయించొద్దు. రూ.16,500 అంటే సరిగ్గా సగం. మాది ఏడేళ్ళది. అంటే ఆ మొదటి అన్న చెప్పింది నిజమే అయినా, చేయించకూడని రిపేరు అది. రూ.4,550 అయితే ఏడో వంతు. చేయించొచ్చు.

ఇక కూలర్ సరిపోదా అనే ప్రశ్న. ఏప్రిల్‌లో సరిపోతుంది. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది, గాలి పొడిగా ఉండాలి. జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాక గాలిలో తేమ నిండిపోతుంది. అప్పుడు కూలర్ నీళ్ళూ ఆవిరవ్వవు, మన ఒంటి చెమటా ఆరదు. గది చిత్తడి అవుతుంది, అంతే.

కరెంటు లెక్క కూడా వేయాలి. మాకు గృహజ్యోతి వస్తుంది. తెల్ల రేషన్ కార్డు ఉండి నెలకి 200 యూనిట్లలోపు వాడితే బిల్లు సున్నా. 2024 మార్చి నుంచి నడుస్తోంది. కానీ 200 దాటిందా, దాటినదానికే కాదు, మొత్తానికీ కట్టాలి. లీకున్న ఏసీ గది చల్లబడక కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది. ఏప్రిల్‌లో మా మీటరు 270 చూపించింది. మొదటి 200 యూనిట్లకి రూ.5.10 చొప్పున రూ.1,020, మిగతా 70కి రూ.7.70 చొప్పున రూ.539. మొత్తం రూ.1,559, ఫిక్స్‌డ్ చార్జీలు అవీ వేరే. కనపడని చిల్లి, కనపడే బిల్లు!

రిపేరు అయ్యాక 27 డిగ్రీల మీద పెట్టి, పైన ఫ్యాన్ వేస్తున్నాం. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలన్న నిబంధన కూడా అందుకే. నాయిన పడుకునే ఐదారు గంటలే ఆన్. గదికి పాత దుప్పటితో కిటికీ పరదా. రోజూ రాత్రి పడుకునే ముందు మీటరు చూసి క్యాలెండర్ మీద రాస్తున్నా. ఈ నెల 191 దగ్గర ఆగింది.

చివరగా

షాపాయన వెళ్ళే ముందు దాపరికం లేకుండా చెప్పాడు. "కాయిల్ మొత్తం నల్లబడ్డది మేడం. ఇవాళ ఒక చిల్లి మూసిన. ఇంకోటి ఎప్పుడు పడ్తదో నాకూ తెల్వదు. ఒకటి, రెండు ఎండాకాలాలు ఎల్లదీస్తది." అందుకే పోస్టాఫీసులో నెలకి రూ.1,500 ఆర్‌డీ మొదలుపెట్టా. ఈఎంఐ కాకుండా సొంత డబ్బుతో, పూత ఉన్న కాయిల్‌తో కొత్తది కొనాలని. అది అయ్యేలోపు ఇది పోకుండా ఉంటే చాలు.

ఇది రాస్తున్న టైముకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. నాయిన లోపల పడుకున్నారు. కుక్కర్ విజిల్‌కి లేస్తారని అమ్మ గ్యాస్ పొయ్యి ఆపేసి, అన్నం కింది పోర్షన్ అత్తమ్మ వాళ్ళింట్లో వండుతోంది. నేను మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో టైప్ చేస్తున్నా. చెమట స్క్రీన్ మీద పడి ఒత్తులు తప్పుతున్నాయి. పర్లేదు. లోపల ఏసీ చప్పుడు వినిపిస్తోంది. కాసేపు నడిచి, ఆగి, మళ్ళీ నడుస్తోంది. ఆగుతోందంటే గది చల్లబడినట్టే.

రాత్రి పదింటికి ఆయన డ్యూటీ.